ఊరు మారిన గడియారం

జర్మనీలోని సాక్సనీలో సరిగ్గా నడుస్తున్న ఒక లోలకం గడియారాన్ని పెట్టెలో సర్ది, ఓడెక్కించి, దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో గోడకు తగిలిస్తే అది రోజుకు సుమారు ఒక నిమిషం వెనకబడుతుంది. దానిలో ఏ భాగమూ చెడిపోలేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది. అందుకే ధ్రువాల నుంచి మధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ గురుత్వం కొద్దికొద్దిగా తగ్గుతుంది. సాక్సనీ ఉత్తరాన 51వ అక్షాంశం దగ్గర, అడిలైడ్ దక్షిణాన 35వ అక్షాంశం దగ్గర ఉన్నాయి. ఈ రెండు చోట్ల గురుత్వంలో తేడా వెయ్యింట ఒకటిన్నర వంతు. ఆ మాత్రానికే లోలకం ఊపు మందగిస్తుంది. అదే గడియారాన్ని అడిలైడ్ నుంచి హైదరాబాదుకు తెస్తే రోజుకు దాదాపు మరో నిమిషం పోతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లినప్పుడు తన లోలకం రోజుకు రెండున్నర నిమిషాలు ఆలస్యంగా నడవడం చూశాడు. భూమి ఆకారం గురించి ప్రపంచానికి దొరికిన తొలి ఆధారాల్లో అది ఒకటి.

అదే పెట్టెలో ఒక జేబు గడియారం కూడా ఉందనుకుందాం. దానికి ఈ చిక్కు లేదు. దానిలో లోలకం బదులు ఒక చిన్న చక్రం, ఆ చక్రాన్ని ఇటూ అటూ తిప్పే వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటాయి. వీటినే బాలెన్స్ చక్రం, హెయిర్‌స్ప్రింగు అంటారు. చక్రం ఎంత వేగంగా ఊగుతుందనేది స్ప్రింగు బిగువు మీద, చక్రం బరువు అంచున ఎలా పరుచుకుందన్న దాని మీద ఆధారపడుతుంది. గురుత్వం ఎక్కువైనా తక్కువైనా ఆ లెక్క మారదు. కాబట్టి జర్మన్ జేబు గడియారం భూమధ్యరేఖను నిశ్చింతగా దాటగలదు. అయితే దానికి శత్రువు వేరే ఉంది. అది వేడి. అడిలైడ్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే.

ఆ వేడికీ, ఆ గడియారాలకూ, వాటి మీద వంగి పనిచేసిన మనుషులకూ ఉన్న సంబంధమే ఈ అధ్యాయం. జేబు గడియారం తయారైన ఊళ్లోనే పూర్తవుతుందని మనం అనుకుంటాం. నా దృష్టిలో అది సగం నిజమే. మిగతా సగం, దాన్ని ధరించే ఊళ్లో, అక్కడి ఎండకీ చలికీ తగ్గట్టు సరిదిద్దే మనిషి చేతిలో పూర్తవుతుంది. మొదటి రకం పనివాళ్ల పేర్లు చరిత్రలో మిగిలాయి. రెండో రకం వాళ్ల పేర్లు చాలావరకు మరుగున పడ్డాయి.

1854లో ఇద్దరు జర్మన్ గడియారపు పనివాళ్లు ఉన్న ఊళ్లు వదిలారు. ఒకరు డ్రెస్డెన్‌లో పుట్టిన మోరిట్స్ గ్రోస్‌మన్. ఆయన తన ఊరికి దగ్గర్లోనే, కొండల మధ్య ఉన్న గ్లాస్‌హుట్టె అనే చిన్న పట్టణానికి మారాడు. రెండో మనిషి హోల్‌స్టైన్ ప్రాంతంలోని డేగెలింగ్ అనే పల్లెలో 1830లో పుట్టిన యోకిం మతియాస్ వెండ్ట్. ఆయన ప్రపంచం అవతలి అంచుకు, అడిలైడ్‌కు చేరాడు. ఇద్దరి వృత్తీ ఒకటే. వాళ్లు వెళ్లిన చోట్లు మాత్రం ఆ వృత్తిని రెండు వేరు దారుల్లో నడిపించాయి.

ముందు గ్లాస్‌హుట్టె సంగతి. డ్రెస్డెన్‌కు దక్షిణాన ఓర్ పర్వతాల్లో ఒకప్పుడు వెండి గనులతో బతికిన ఊరు అది. గనులు అడుగంటాక ఊరు పేదదైపోయింది. గడ్డి అల్లికలు, కూలిపనులు తప్ప వేరే ఆధారం లేదు. డ్రెస్డెన్ రాజాస్థానపు గడియారకారుడు గుట్‌కేస్ దగ్గర పదిహేనేళ్ల వయసులో పనికి చేరిన ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె ఆ ఊరిని ఎంచుకున్నాడు. లాంగె అప్పటికే పారిస్‌లో విన్నెర్ల్ అనే మహా నిపుణుడి కింద పనిచేశాడు, స్విట్జర్లాండ్ జూరా కొండల్లో ఇంటింటా గడియారపు పని ఎలా సాగుతుందో చూసి వచ్చాడు, గుట్‌కేస్ కూతురు అంతోనియాను పెళ్లాడాడు. డ్రెస్డెన్ నాటకశాలలో వేదిక పైన అయిదేసి నిమిషాలకు ఒకసారి అంకెలు మార్చే పెద్ద గడియారాన్ని 1841లో గుట్‌కేస్, లాంగె కలిసి నిలబెట్టారు.

లాంగె సాక్సనీ ప్రభుత్వానికి మళ్లీ మళ్లీ విన్నపాలు రాశాడు. పేద కొండప్రాంతానికి పని ఇస్తాను, అప్పు ఇప్పించండి అన్నాడు. ప్రభుత్వం 7,820 థాలర్లు అప్పుగా ఇచ్చింది. 15 మంది కుర్రాళ్లకు పని నేర్పించాలన్నది షరతు. 1845 డిసెంబర్ 7న గ్లాస్‌హుట్టెలో కార్ఖానా తెరుచుకుంది. ఆ కుర్రాళ్లు అంతకు ముందు గడియారపు పని నేర్చినవాళ్లు కారు. వాళ్లకు నేర్పడంలో లాంగె తన సొంత డబ్బూ ఖర్చు పెట్టాల్సి వచ్చింది.

లాంగె చేసిన పనుల్లో గడియారాల కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఆయన కొలతలు మార్చాడు. అప్పటిదాకా గడియారాల పనిలో వాడుతున్నది పారిస్ లీన్యు అనే పాత కొలమానం. దాన్ని పన్నెండు భాగాలు చేసి లెక్కలు కట్టడం కొత్త కుర్రాడికి తలనొప్పి. లాంగె మిల్లీమీటరును, దానిలో పదో వంతును, వందో వంతును తెచ్చాడు. వాటిని కొలిచే పరికరాలు తయారుచేశాడు. కాలితో తొక్కి తిప్పే బరువైన చక్రమున్న లేతును ప్రవేశపెట్టాడు. దానితో రెండు చేతులూ పనికి ఖాళీ అయ్యాయి. తర్వాత పనిని ముక్కలు చేశాడు. ఒకడు చక్రాలు కోస్తాడు, ఒకడు మరలు చేస్తాడు, ఇంకొకడు ముళ్లు తీరుస్తాడు. పని నేర్చినవాడు సొంతంగా చిన్న కొట్టు పెట్టుకుని ఆ ఒక్క భాగాన్నే చేసి కార్ఖానాకు అమ్మేవాడు. కొన్నేళ్లకు ఊరంతా ఒకే గడియారానికి భాగాలు చేస్తున్నట్టయింది. లాంగె ఆ ఊరికి 18 ఏళ్లు మేయరుగా కూడా ఉన్నాడు.

గ్లాస్‌హుట్టె గడియారాన్ని వెనక మూత తీసి చూస్తే దాని ముద్ర కళ్లకు కడుతుంది. లోపల చక్రాల ఇరుసులను పట్టి ఉంచే పైపలక మూడు వంతుల మేర అంతా ఒకే ముక్కగా పరుచుకుని ఉంటుంది. లాంగె ఈ రూపానికి 1864లో చేరాడు. అంతకు ముందు చాలా గడియారాల్లో ఒక్కో చక్రానికీ వేరే వంతెన ఉండేది. ఒకే పలక గట్టిగా ఉంటుంది, చక్రాల మధ్య దూరాలు ఏళ్ల తరబడి చెదరవు. కష్టం మాత్రం పనివాడిది. పలకను దించేటప్పుడు నాలుగైదు చక్రాల ఇరుసు మొనలు ఒకేసారి తమ తమ రంధ్రాల్లో కూర్చోవాలి. ఒక్కటి పక్కకు జరిగినా తొందరపడి నొక్కితే విరిగిపోతుంది.

ఆ రంధ్రాల్లో కెంపులు ఉంటాయి. ఉక్కు మొన లోహపు గుంతలో తిరిగితే రెండూ అరుగుతాయి. నున్నగా మెరుగుపెట్టిన కెంపులో అయితే అరుగుదల చాలా తక్కువ. కృత్రిమ కెంపుల తయారీని వెర్నాయ్ అనే ఫ్రెంచి రసాయనవేత్త 1902లో ప్రకటించేదాకా ఇవన్నీ నేల నుంచి తవ్విన సహజమైన రాళ్లే. ఏ రెండూ సరిగ్గా ఒకే కొలతలో ఉండవు. అందుకని ఒక్కో కెంపును చిన్న బంగారు కట్టులో బిగించి, ఆ కట్టును మరలతో పలకకు పట్టించేవారు.

ఆ మరల రంగు నీలం. ఎవరూ పూయని రంగు అది. నున్నగా మెరుగుపెట్టిన ఉక్కును మెల్లగా వేడి చేస్తే దాని ఉపరితలం మీద అతి పలుచని ఆక్సైడు పొర కడుతుంది. పొర పైనుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తిరిగివచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి కొన్ని రంగుల్లో బలపరుస్తాయి, కొన్నింటిలో చెరిపేస్తాయి. 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 290 దాటి 300కు చేరేలోపు నిండైన నీలం. ఇంకో కొన్ని క్షణాలు ఆలస్యమైతే బూడిద రంగు వచ్చేస్తుంది, మళ్లీ మొదటి నుంచి మెరుగుపెట్టాలి. థర్మామీటరు లేకుండా ఇత్తడి రజను పోసిన పళ్లెం మీద ఒక్కో మరనూ కంటితో కాచుకుని చేసిన పని ఇది. సబ్బు నీటి బుడగ మీద కనిపించే రంగులకూ మూలం ఇదే కాంతి నియమం.

గడియారం గుండె అనదగ్గ భాగం ఎస్కేప్‌మెంట్. కీ ఇచ్చిన మెయిన్‌స్ప్రింగు తన బలాన్నంతా ఒక్కసారిగా విప్పేయకుండా, ఒక్కో పన్ను చొప్పున వదిలే ఏర్పాటు అది. 1755 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్ మడ్జ్ కనిపెట్టిన లివర్ పద్ధతిని గ్లాస్‌హుట్టె వాళ్లు తమదైన ఆకారంలో మలుచుకున్నారు. మేలురకం గడియారాల్లో లివరునూ, దాని చక్రాన్నీ బంగారంతో చేశారు. బంగారం అయస్కాంతానికి లొంగదు, తుప్పు పట్టదు. ఈ లివర్ పద్ధతి మీదే గ్రోస్‌మన్ రాసిన గ్రంథానికి 1866లో బ్రిటిష్ గడియారకారుల సంస్థ బహుమతి వచ్చింది. 1878 మే 1న గ్లాస్‌హుట్టెలో జర్మన్ గడియార పాఠశాలను ఆయనే తెరిపించాడు. కొలతల్నీ గణితాన్నీ బొమ్మలు గీయడాన్నీ పనితోపాటు నేర్పిన బడి అది. నలభై ఏళ్ల తర్వాత అక్కడే ఆల్ఫ్రెడ్ హెల్‌విగ్ అనే ఉపాధ్యాయుడు 1920లో, పైవంతెన లేకుండా ఒక్క వైపు ఆధారంతోనే తిరిగే టూర్బియన్ అనే సూక్ష్మయంత్రాన్ని నిర్మించాడు. ఆ బడి భవనంలో ఇప్పుడు గడియారాల మ్యూజియం ఉంది.

మామూలుగా ఈ గడియారాల బాలెన్స్ చక్రం సెకనుకు అయిదు దెబ్బలు కొడుతుంది. రోజుకు 4,32,000. మన పంచాంగం కలియుగానికి చెప్పే సంవత్సరాలూ సరిగ్గా అన్నే. ఏడాదికి ఇది 15 కోట్ల 76 లక్షలకు పైగా దెబ్బలు. రోజుకు పది సెకన్లు తప్పే గడియారాన్ని మనం బాగాలేదంటాం. కానీ పది సెకన్లంటే 8,640లో ఒక వంతు. చేత్తో చేసిన యంత్రం ఇంత కచ్చితంగా నడవడం తేలిక కాదు.

ఇక అడిలైడ్.

దక్షిణ ఆస్ట్రేలియాకు జర్మన్లు 1838 నుంచి గుంపులుగా వస్తున్నారు. ప్రష్యా రాజు తమ మతాచారంలో జోక్యం చేసుకోవడం భరించలేని లూథరన్ రైతు కుటుంబాలు పాస్టర్ కావెల్ వెంట వచ్చాయి. వాళ్లను తెచ్చిన ఓడల్లో ఒకదాని కెప్టెన్ హాన్ పేరు మీద 1839లో హాన్‌డోర్ఫ్ గ్రామం వెలిసింది. రైతుల తర్వాత చేతివృత్తుల వాళ్లు వచ్చారు. బ్రెమెన్ నుంచి ఫిర్న్‌హాబర్, తర్వాత హెన్రీ స్టైనర్, మధ్యలో మన వెండ్ట్. అడిలైడ్ వెండిపని ఈ ముగ్గురి చేతుల్లో పెరిగింది. వెండ్ట్ రండల్ వీధిలో దుకాణం పెట్టాడు. 1867లో విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అడిలైడ్ వచ్చినప్పుడు ఆయనకు ఆభరణకారుడిగా వెండ్ట్ నియామకం పొందాడు. ఈమూ గుడ్లకు వెండి కట్టు వేసిన కళాఖండాలతో వెండ్ట్ పేరు మ్యూజియంలకు చేరింది. కానీ ఆయన మొదట నేర్చుకున్నది గడియారపు పని.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వెండ్ట్ తరం హోల్‌స్టైన్‌లో నేర్చింది పాతకాలపు పద్ధతి. కుర్రాడు గురువు ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి గడియారంలోని ప్రతి భాగాన్నీ తన చేత్తో చేయడం నేర్చేవాడు. లాంగె గ్లాస్‌హుట్టెలో రద్దు చేసినది సరిగ్గా ఇదే. మేలైన గడియారాలు ఎక్కువ సంఖ్యలో రావాలంటే లాంగె దారే సరైనది, సందేహం లేదు. కానీ ముళ్లు మాత్రమే చేయగల నిపుణుడు అడిలైడ్‌లో ఏం చేస్తాడు? అక్కడ గడియారాల కార్ఖానా లేదు. యూరప్ నుంచి ఒక భాగం తెప్పించుకోవాలంటే తెరచాప ఓడ రోజుల్లో ఉత్తరం వెళ్లడానికి మూడు నెలలు, వస్తువు రావడానికి మరో మూడు నెలలు. వచ్చినా ఆ భాగం సరిపోదు, ఎందుకంటే చేత్తో చేసిన ఏ రెండు గడియారాల భాగాలూ ఒకటి కావు. బాలెన్స్ చక్రం ఇరుసు విరిగితే కొత్తది అక్కడే, ఆ గడియారానికే చేయాలి. ఆ ఇరుసు మొన మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు, మన తల వెంట్రుక కన్నా కాస్తే లావు. దాన్ని చిన్న విల్లుకు గుర్రపు వెంట్రుక కట్టి, ఒక చేత్తో ఇరుసును ఇటూ అటూ తిప్పుతూ, రెండో చేత్తో ఉలి పట్టి చెక్కేవారు. ఊరంతా కలిసి చేసిన గడియారాన్ని మరో ఖండంలో బతికించాలంటే మొత్తం పనిని ఒక్క తలలో మోసే మనిషి కావాలి. పాతబడిందనుకున్న నేర్పు వలస దేశంలో మళ్లీ ప్రాణం పోసుకున్న తీరు నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

ఆ కాలపు గడియారాల డయలు మీద అడిలైడ్ దుకాణాల పేర్లు కనిపిస్తాయి. అంతమాత్రాన అవి అడిలైడ్‌లో తయారైనవని కాదు. లోపలి యంత్రం ఎక్కువగా ఇంగ్లండు నుంచో స్విట్జర్లాండ్ నుంచో వచ్చేది. కానీ డయలు మీద పేరు వేయించుకున్న దుకాణదారు అది సరైన సమయం చూపుతుందని మాట ఇస్తున్నట్టే. ఆ మాట నిలబెట్టుకోవడంలోనే అసలు విజ్ఞానం ఉంది.

ఉక్కు వేడెక్కితే దాని బిగువు తగ్గుతుంది. మామూలు ఉక్కు హెయిర్‌స్ప్రింగు, సాదా ఇత్తడి చక్రం ఉన్న గడియారం ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే రోజుకు సుమారు 10 సెకన్లు వెనకబడుతుంది. 15 డిగ్రీల ఉదయం సరిచేసిన గడియారం 40 డిగ్రీల్లో రోజంతా ఉంటే నాలుగు నిమిషాలకు పైగా పోతుంది. దీనికి విరుగుడుగా బాలెన్స్ చక్రపు అంచును రెండు లోహాలతో చేశారు. లోపల ఉక్కు, బయట ఇత్తడి, రెండూ కరిగించి అతికించినవి. ఆ అంచును రెండు చోట్ల కోసి వదిలేస్తారు. వేడికి ఇత్తడి ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది కనుక కోసిన చేతులు లోపలికి వంగుతాయి, చక్రం బరువు కేంద్రానికి దగ్గరవుతుంది, ఊపు వేగమవుతుంది. స్ప్రింగు మెత్తబడి పోగొట్టిన వేగాన్ని చక్రం తిరిగి సంపాదిస్తుంది. అంచు చుట్టూ ఉండే చిన్న చిన్న బంగారు మరలను ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి మార్చి ఈ సర్దుబాటు ఎంత ఉండాలో నిర్ణయిస్తారు. గడియారాన్ని కొన్నాళ్లు మంచుపెట్టెలో, కొన్నాళ్లు వెచ్చని పెట్టెలో నడిపి, తేడా రాసుకుని, ఒక మరను జరిపి, మళ్లీ నడిపి చూడాలి. ఒక్క గడియారానికే వారాలు పట్టే పని.

అంత చేసినా ఒక లోపం మిగిలేది. స్ప్రింగు బిగువు తగ్గే తీరూ, చక్రం వంగే తీరూ ఒకే గీత మీద నడవవు. రెండు ఉష్ణోగ్రతల దగ్గర మాత్రమే లెక్క సరిగ్గా కుదురుతుంది. ఆ రెంటి మధ్యలో గడియారం రోజుకు రెండు సెకన్ల దాకా ముందుకు పోతుంది, ఆ రెంటి అవతల వెనకబడుతుంది. ఆ రెండు ఉష్ణోగ్రతలు ఏవో నిర్ణయించేది సరిదిద్దేవాడు. యూరప్ చలికీ వేసవికీ సరిపడేట్టు ఎంచుకున్నవి అడిలైడ్ జనవరికి చాలవు.

ఇంకో సూక్ష్మం ఉంది. సాక్సనీలో జేబు గడియారం పగలంతా కోటు లోపల, ఒంటి వెచ్చదనంలో ఉంటుంది. రాత్రి బల్ల మీద పెడితే చల్లబడుతుంది. అడిలైడ్ వేసవిలో ఎండ ముదిరిన రోజుల్లో బయటి గాలి ఒంటికన్నా వేడి. ధరించే అలవాటు ఒకటే అయినా గడియారం అనుభవించే రోజు తలకిందులవుతుంది. దానికి తోడు దుమ్ము. జంతువుల కొవ్వు నుంచీ ఆలివ్ కాయల నుంచీ తీసిన ఆనాటి నూనెలు వేడికి పలచబడి కెంపుల రంధ్రాల్లోంచి పాకిపోయేవి, దుమ్ముతో కలిసి జిగురయ్యేవి. గడియారాన్ని విప్పి కడిగి నూనె మార్చడం అక్కడ తప్పనిసరి.

సరిచేయడానికి ఒక ప్రమాణం కావాలి కదా. దాన్ని నగరానికి ఇచ్చింది చార్లెస్ టాడ్. 1855లో ఇంగ్లండు నుంచి వచ్చి, అడిలైడ్ వేధశాలనూ తంతి శాఖనూ కలిపి నడిపిన మనిషి. ఖండం మధ్య ఎడారి మీదుగా డార్విన్ దాకా సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగను 1872లో పూర్తిచేయించింది ఆయనే. సెమఫోర్ రేవులో 1875లో కట్టిన గోపురం మీద ఒక నల్లని గోళం మధ్యాహ్నం ఒంటిగంటకు సరిగ్గా జారిపడేది. వేధశాల నుంచి తీగ మీద వచ్చిన సంకేతమే దాన్ని వదిలేది. ఓడల కెప్టెన్లు దాన్ని చూసి తమ క్రోనోమీటర్లను సరిచూసుకునేవారు.

అయితే ఆ ఒంటిగంట అడిలైడ్ ఒంటిగంట మాత్రమే. గ్రీనిచ్ కన్నా 9 గంటల 14 నిమిషాల 20 సెకన్లు ముందు. మెల్‌బోర్న్ సమయం దానికన్నా మరో 25 నిమిషాలు ముందు, సిడ్నీ ఇంకో 25 నిమిషాలు ముందు. 1895 ఫిబ్రవరి 1న దక్షిణ ఆస్ట్రేలియా గ్రీనిచ్‌కు సరిగ్గా 9 గంటల తేడా పెట్టుకుంది. సాయంత్రపు వెలుతురు తగ్గిందని వ్యాపారులూ క్రికెటర్లూ గోల చేశారు. 1899 మే 1న తేడాను తొమ్మిదిన్నర గంటలు చేశారు. ఆ సమయానికి మూలమైన రేఖాంశం ఆ రాష్ట్రంలోనే లేదు, పక్కనున్న విక్టోరియాలో ఉంది. గ్రీనిచ్‌తో తేడాలో అరగంట కలిసి ఉన్న కొద్ది ప్రాంతాల్లో మనమూ ఒకరం కనుక, ఇవాళ అడిలైడ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇంటికి ఫోను చేయడానికి నాలుగు గంటలు తీసేస్తే చాలు, వాళ్ల వేసవిలో అయిదు.

కొన్ని సెకన్ల విలువ ఎంతో ఆ రాష్ట్రానికి బాగా తెలుసు. దక్షిణ ఆస్ట్రేలియా తూర్పు సరిహద్దు 141వ రేఖాంశం అని చట్టం చెప్పింది. ఆ గీత నేల మీద ఎక్కడుందో 1839లో సర్వేయరు చార్లెస్ టైయర్స్ క్రోనోమీటర్లతో, చంద్రుడి స్థానంతో, నేల కొలతలతో తేల్చాడు. 1847 నుంచి దాని ప్రకారం విక్టోరియా వైపు హద్దు గుర్తులు వేశారు. 1868లో టాడ్ టెలిగ్రాఫ్ సంకేతాలతో సిడ్నీ, మెల్‌బోర్న్ వేధశాలలతో సమయం పోల్చి చూస్తే పాత గుర్తులు సుమారు 3.6 కిలోమీటర్లు పడమరకు జరిగి ఉన్నాయని తేలింది. ఆ అక్షాంశం దగ్గర ఒక్క సెకను తప్పు సుమారు 375 మీటర్లు. అంటే మొత్తం పొరపాటు దాదాపు పది సెకన్లు. ఆ పది సెకన్ల వల్ల దక్షిణ ఆస్ట్రేలియా ఒక పొడవాటి భూభాగం పోగొట్టుకుంది. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1914లో తీర్పు విక్టోరియాకు అనుకూలంగా వచ్చింది, ఎందుకంటే ఆ గుర్తుల్ని అప్పటికి రెండు వైపులా ఒప్పుకుని ఉన్నారు. తప్పు గీతే నేటికీ హద్దు.

కొలిచే పనిలో జర్మనీకీ ఆస్ట్రేలియాకూ మధ్య నడిచిన మనిషి ఇంకొకడున్నాడు. గేయోర్గ్ ఫాన్ నాయ్‌మాయర్. బవేరియా రాజు ఇచ్చిన పరికరాలతో వచ్చి 1858లో మెల్‌బోర్న్ ఫ్లాగ్‌స్టాఫ్ కొండ మీద వేధశాల పెట్టాడు. వాతావరణం, భూ అయస్కాంతత్వం, నౌకాశాస్త్రం ఆయన విషయాలు. ఖండాన్ని దాటి తిరిగివస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న అన్వేషకుడు విల్స్ అంతకు ముందు ఆ వేధశాలలోనే పనిచేశాడు. నాయ్‌మాయర్ 1864లో జర్మనీకి తిరిగివెళ్లి, 1876 నుంచి 1903 వరకు హాంబర్గ్‌లోని జర్మన్ నౌకా పరిశోధన సంస్థకు అధిపతిగా ఉన్నాడు. జర్మన్ పనివాళ్లు తమ ఓడ గడియారాలను పరీక్షకు పంపింది ఆ సంస్థకే. గ్లాస్‌హుట్టె కార్ఖానాలూ తమ క్రోనోమీటర్లను అక్కడి పరీక్షలకు పంపాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ బంధాన్ని తెంచింది. దక్షిణ ఆస్ట్రేలియాలో లూథరన్ బడులు మూతపడ్డాయి. 1917లో వచ్చిన చట్టంతో 69 జర్మన్ ఊరి పేర్లు మార్చారు. హాన్‌డోర్ఫ్ ఆంబుల్‌సైడ్ అయింది. 1935లో గానీ దాని పేరు దానికి తిరిగి రాలేదు. వెండ్ట్ ఆ 1917లోనే కన్నుమూశాడు. అరవై ఏళ్లకు పైగా నగరపు బల్లల మీదికి వెండి పాత్రలూ, జేబుల్లోకి గడియారాలూ అందించిన మనిషి తన భాష పేర్లు పటం మీంచి చెరిగిపోతున్న ఏడాదిలో పోయాడు. గ్లాస్‌హుట్టె కష్టం తర్వాత వచ్చింది. 1945 మే 8న, యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజునే, బాంబులు పడి లాంగె కార్ఖానా ప్రధాన భవనం ధ్వంసమైంది. 1948లో తూర్పు జర్మనీ ప్రాంతపు సోవియట్ ఆక్రమణ పాలకులు కంపెనీని స్వాధీనం చేసుకున్నారు. స్థాపకుడి మునిమనవడు వాల్టర్ లాంగె 1990 డిసెంబర్ 7న, మొదటి కార్ఖానా తెరిచి సరిగ్గా 145 ఏళ్లయిన రోజున, దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు.

ఈలోగా వేడి సమస్యను కొలిమి దగ్గర పరిష్కరించారు. స్విస్ భౌతికవేత్త షార్ల్ ఎద్వార్ గియోమ్ నికెల్ కలిపిన ఉక్కుల్లో వేడికి బిగువు మారని లోహాన్ని కనిపెట్టాడు. ఎలిన్వార్ అని పేరు పెట్టాడు. 1920లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎలిన్వార్ మరీ మెత్తన. దానికి బెరీలియం కలిపితే గట్టిపడుతుందని చూపి 1930లో పేటెంటు పొందినవాడు రిహార్డ్ లాంగె, అడాల్ఫ్ లాంగె పెద్ద కొడుకు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. తండ్రి కార్ఖానా తెరిచిన ఏడాదిలో పుట్టి, కోసిన చక్రాలూ బంగారు మరలూ అవసరం లేని రోజు వచ్చేదాకా బతికాడు. ఆ తరహా స్ప్రింగులు వచ్చాక మంచుపెట్టె ముందు వారాలు గడిపే సరిదిద్దేవాడి పని దాదాపు ముగిసింది.

అయినా వేడి పూర్తిగా పోలేదు. మన చేతి మీది క్వార్ట్జ్ గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేట్టు కోస్తారు. చలికైనా ఎండకైనా, ఎటు జరిగినా అది వెనకబడుతుంది. 45 డిగ్రీల దగ్గర రోజుకు ఒక సెకనుకు పైగా. జనవరి మధ్యాహ్నం అడిలైడ్‌లో ఎండలో ఆపిన కారులో వదిలేసిన చేతి గడియారం, అది ఉన్నంతసేపూ, వెండ్ట్ బల్ల మీది పాత గడియారం పోయిన దారినే కాస్త నెమ్మదిగా పోతూ ఉంటుంది.